తొక్కు, అట్టుకో, వదులు

పోయిన వారం పొద్దున్నే బ్యాంకు పనిమీద బయల్దేరి కారు తియ్యబోతే, క్లచ్ పెడల్ కాలి కింద మెత్తగా దిగిపోయింది. ఊడ్పుల మడిలో కాలు పెట్టినట్టే దిగింది. గేరు వెయ్యబోతే గరగరమని ససేమిరా అంది. నాలుగుసార్లు గబగబా తొక్కితే కాస్త బిగిసింది కానీ, తొక్కి పట్టుకుని కూర్చుంటే మళ్ళీ మెల్లగా అడుక్కి జారిపోయింది. బానెట్ ఎత్తి చూశాను. ఆయిల్ డబ్బాలో మట్టం ఉన్నచోటే ఉంది. కింద గచ్చు మీద చుక్క లేదు. బయటికి కారకుండా పెడల్ దిగిపోతోందంటే ఆయిలు లోపల్లోపలే తప్పించుకుంటోందన్నమాట, అంటే రోగం మాస్టర్ సిలిండర్‌లో. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కదా, అందుకే తెలిసిందనుకుంటారు వినేవాళ్ళు. కాదు. ఆ సంగతి పద్దెనిమిదేళ్ళప్పుడే నా ఎడమకాలి పిక్కకి తెలిసింది. పుస్తకాలు తర్వాత వచ్చాయి.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే, నేను మాట పూర్తిచెయ్యకముందే "క్లచ్ ప్లేటు పోయుంటాది మేడమ్, బండి లాక్కుని రావాల. ఒకసారి సార్‌కి ఫోనివ్వండి" అన్నాడు. సార్, అంటే మా ఆయన, పోయి ఆరేళ్ళయింది, ఉన్నన్నాళ్ళూ ఆయనకి టైరులో గాలి కొట్టడం కూడా రాదు. ఆ మాట ఆ కుర్ర మెకానిక్‌తో అనలేదు గానీ ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేసి, మెట్ల కింద ఉన్న మా నాన్న పనిముట్ల పెట్టె బయటికి లాగాను. విజయనగరంలో ఈ ఇల్లు కట్టుకున్నప్పటినుంచీ అది అక్కడే ఉంది. ఎనిమిది నంబరు స్పానర్ కోసం వెతుకుతుంటే, అడుగున పాత తువ్వాలు ముక్కలో చుట్టిన గాజుసీసా దొరికింది. మూత తుప్పుపట్టి తిరగనంటే గుడ్డతో పట్టి తిప్పాను. లోపల రెండు రబ్బరు కప్పులు ఉన్నాయి. రూపాయి బిళ్ళంత ఉండాల్సినవి ఉబ్బి, అంచులు పువ్వులా విచ్చుకుని, అలాగే గట్టిపడిపోయాయి. ఒకదాని గాడిలో గోరుతో గీస్తే పసుపు వచ్చింది. ఆ పసుపు సంగతి మా నాన్నకి చివరిదాకా తెలియదనే నలభై ఏళ్ళుగా అనుకుంటున్నాను.

అప్పుడు మేం గరివిడిలో ఉండేవాళ్ళం. నాన్నకి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. రైలుపట్టాలకి ఇవతల వరసగా ఉన్న అద్దె ఇళ్ళలో మాది చివరిది. రెండు గదులు, వెనక నుయ్యి, ముందు కాస్త వాకిలి. ఆ వాకిట్లోకి నాన్న ఒక పాత కారు తెచ్చి పెట్టాడు. ఒక రైసుమిల్లు యజమాని వాడి వాడి వదిలేసిన తెల్లకారు, ఎద్దులాంటి శరీరం. కారు లోపలికి వస్తే మా వీధి తలుపు సగమే తెరుచుకునేది. అమ్మ నీళ్ళ బిందె పట్టుకుని పక్కవాటుగా జరుగుతూ వెళ్ళాలి. బియ్యం బస్తా వస్తే కిటికీలోంచి అందుకోవాలి. చుట్టాలొస్తే "లోపలికి రండి" అనడానికి ముందు "ఇలా పక్కకి తిరగండి" అనాలి. బట్టలు ఆరేసే తాడు కారు పైనుంచే పోయేది. ఫ్యాక్టరీవైపు గాలి మళ్ళినరోజు తెల్లచీర మీదా తెల్లకారు మీదా ఒకే నల్లపొడి పడేది. అమ్మ చీర దులిపేది, నాన్న కారు తుడిచేవాడు.

పక్కింటి అప్పలనాయుడు మావ, నాన్నతోపాటు కొలిమి దగ్గరే పని చేసేవాడు, ఆ కారుని "ఎక్కే బండి కాదు బావా, తోసే బండి" అనేవాడు. నాన్న నవ్వేవాడు కాదు. ఆయనకి ఆ కారంటే పంతం. తన చేతిలో లేనిదేదీ ఆయనకి నమ్మకం లేదు. గేదె పాలు తనే పితికేవాడు, మా జుట్టు తనే కత్తిరించేవాడు, నా పుస్తకాలకి అట్టలు కూడా తనే వేసేవాడు. నేను బడికి వెళ్ళినా, శివరాత్రికి కోవెలకి వెళ్ళినా వెనకాల ఆయన సైకిలు బెల్లు వినిపించేది. ప్రేమే. కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ మా వాకిట్లో కారులాగే అది ఇంటినిండా ఉండి, మేం దాని పక్కనుంచి ఒదిగి ఒదిగి నడవాల్సి వచ్చేది.

ఇక అమ్మ. అరసవల్లిలో సూర్యదేవుడి కోవెల్లో సన్నాయి వాయించే ఇంట్లో పుట్టిన మనిషి. చదువు మూడో తరగతి. ఆవిడ దగ్గర రెండు విషయాల్లో ఎవరిమాటా చెల్లేది కాదు. ఒకటి, నేను చదువుకోవడం. రెండోది పసుపు. కొత్త వస్తువేదైనా గడప దాటి లోపలికి వస్తే, ముందు దేవుడి గూటి దగ్గర పెట్టాలి. దీపం కుందిలోంచి రెండు చుక్కల నువ్వులనూనె తీసి, అందులో పసుపు రంగరించి, ఉంగరపు వేలితో అద్ది, పైన కుంకుమ చుక్క పెట్టాలి. అప్పటిదాకా ఆ వస్తువు మాది కాదు. కొత్త చేటకి, నాన్న ఫ్యాక్టరీ టోపీకి, రేషన్ కార్డుకి, నా జామెట్రీ పెట్టెకి, అందులో ఉన్న వృత్తలేఖినికి విడిగా, అన్నిటికీ బొట్టు పడేది. నా పదో తరగతి హాల్‌టికెట్టు చూసి పరీక్షల పంతులుగారు "ఇదేమైనా పెళ్ళి శుభలేఖా?" అన్నారు.

కారు కొన్నరోజున దానికీ బొట్టు పెట్టింది, ముందు నిమ్మకాయలు, మిరపకాయలు దారంతో కట్టింది. అది చాలదని మర్నాడు బానెట్ లోపల కూడా ఒక నిమ్మకాయ కట్టింది. ఆ దారం ఫ్యాన్‌లో చుట్టుకుని బెల్టు తెగింది. నాన్న కేకలేశాడు. పెద్ద గొంతుతో ఆయన అమ్మని కేకలెయ్యడం అదే మొదటిసారి. "నా బండి జోలికి నీ పసుపు, నీ కుంకుమ తీసుకొచ్చినావంటే ఊరుకోను" అన్నాడు. వారంరోజులు వాళ్ళిద్దరూ నా ద్వారా మాట్లాడుకున్నారు. ఆయన వాకిట్లో, ఆవిడ వంటింట్లో, మధ్య గుమ్మంలో నేను.

"మీ నాన్నకి సెప్పు, అంబలి సల్లారిపోతన్నాదని."

"మీ అమ్మకి సెప్పు, నాకు ఆకలి నేదని."

ఆ వారం నాకు ఎలా గడిచిందో ఇప్పటికీ గుర్తుంది. చోడి అంబలి గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఇక జన్మలో వీళ్ళ మధ్య పసుపు మాట రానివ్వకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఇంటర్ పాసయ్యాక నాకు విజయనగరంలో డిగ్రీ కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్‌తో సహా. సోమవారం సాయంత్రం ఐదులోగా వచ్చి చేరాలి, రాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కాగితంలో ఉంది. చేరకపోతే ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు. మా మేనత్త తన కొడుక్కి నన్ను చేసుకోవాలని అప్పటికే రెండుసార్లు వచ్చి పక్కవాటుగా లోపలికి వెళ్ళి కూర్చుంది. అమ్మ ఆవిడకీ నాకూ మధ్య అడ్డం నిలబడి "దీని సదువు అవనీండి వదినా" అంటూ నెట్టుకొస్తోంది. నాన్న చదువుకి అడ్డు చెప్పలేదు. ఒక్క షరతు పెట్టాడు.

"నా కూతుర్ని ట్రంకుపెట్టెతో బస్టాండులో నిలబెడతానేటి? మన బండిలోనే దింపుతాను."

వీధంతా వినేలా అన్నాడు. అప్పలనాయుడు మావ తన గడపలోంచి "మరైతే తోసీవోలు కూడా హాస్టల్లో ఉండిపోవాలేటి బావా?" అన్నాడు. ఇక ఆ మాట వెనక్కి తీసుకునే దారి నాన్నకి లేకుండా పోయింది. సరిగ్గా అప్పుడే క్లచ్ మొరాయించింది.

హైడ్రాలిక్ క్లచ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు కప్పు ముందుకి జరిగి ఆయిలుని గొట్టంలోకి నెడుతుంది. అవతలి చివర ఇంకో చిన్న సిలిండర్ ఆ తోపుతో కదిలి క్లచ్‌ని విడదీస్తుంది. గొట్టంలో గాలి చేరితే తోపు పోతుంది. ఆ గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని తొక్కాలి, ఇంకొకరు కారు కిందికి దూరి గాలి వదిలే నిపుల్ విప్పాలి, బిగించాలి. కింద మా నాన్న, పైన నేను.

"తొక్కు."

తొక్కేదాన్ని.

"అట్టుకో."

పట్టుకునేదాన్ని. నిపుల్ విప్పిన చప్పుడు, కింద పెట్టిన సీసాలో బుడగల చప్పుడు, మళ్ళీ బిగించిన చప్పుడు.

"వదులు."

ఆయన వదులు అన్నాకే వదలాలి. నిపుల్ తెరిచి ఉండగా కాలు తీశానా, గాలి మళ్ళీ లోపలికి పోతుంది, పని మొదటికొస్తుంది. జూన్ ఎండలో, అద్దాలు సగమే దిగే ఆ కారులో, రెక్సీన్ సీటు తొడలకి అంటుకుపోతుంటే, నేను గంటలు గంటలు అలా కూర్చునేదాన్ని. పాత గుడ్డ, బ్రేక్ ఆయిలు, ఎలుకలు కొరికిన కొబ్బరిపీచు కలిసిన వాసన. ముందు అద్దంలోంచి మా గోడ కనిపించేది, అంతే. ఒకసారి "అట్టుకో" అన్నాక అప్పలనాయుడు మావ వచ్చి కొలిమి కబుర్లు మొదలెట్టాడు. నాన్న కిందనుంచే జవాబులిస్తూ నా సంగతి మర్చిపోయాడు. నా కాలు వణికింది, పిక్క పట్టేసింది, కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఒక చీమ మెడమీద నడుస్తుంటే చెయ్యి తీసి దులుపుకోవచ్చు, కాలు కదలదు కదా, కానీ అప్పటికి నాకు ఒంట్లో ఏది కదపొచ్చో ఏది కదపకూడదో కూడా తెలియకుండా పోయింది. ఆ సీట్లో నేను చేరింది కాలేజీకి వెళ్ళడానికే. కానీ ఆ వారంలో నాకు ఎన్నోసార్లు అనిపించింది, వీళ్ళు నన్ను ఇక్కడినుంచి పోనివ్వరని, డిగ్రీ అంతా ఇక్కడే కూర్చుని చదవాల్సిందేనని. స్టీరింగ్ ముందు కూర్చునే ఉన్నాను, ఆ కారుని ఒక్క అడుగు నడిపింది లేదు. నేర్పమంటే "ముందు తొక్కడం నేర్చుకో" అనేవాడు.

గాలి తీసిన పూట పెడల్ బాగుండేది. మర్నాటికి మళ్ళీ దిగిపోయేది. గొట్టం చూశాడు, జాయింట్లు చూశాడు, ఎక్కడా తడి లేదు. ఆఖరికి శనివారంనాడు మాస్టర్ సిలిండర్ విప్పి, అరిగిపోయిన కప్పుల్ని అరచేతిలో పెట్టుకుని నాకు చూపించాడు. "ఇదిగో దొంగ. అంచు అరిగిపోనాది. బయటికి కారకుండా ఎనకనించి జారిపోతన్నాది" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోయింది. మర్నాడు విజయనగరం వెళ్ళి కొత్త కప్పులు తెచ్చాడు. పేపరు పొట్లం కిటికీలో పెట్టి స్నానానికి నూతి దగ్గరికి వెళ్ళాడు.

నేను పెట్టె సర్దుకుంటున్నాను. తల తిప్పి చూసేసరికి పొట్లం కిటికీలో లేదు. దేవుడి గూటి ముందు రెండు రబ్బరు కప్పులు పక్కపక్కన కూర్చుని ఉన్నాయి, నూనె పసుపు పూసుకుని, నడినెత్తిన కుంకుమతో. అమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతోంది. నా చదువు కోసమే పెట్టిందని నాకు తెలుసు. అన్ని కేకలు తిన్నాక కూడా పెట్టిందంటే, ఎంత భయపడి పెట్టిందో కూడా తెలుసు. నూతి దగ్గర చెంబు చప్పుడు ఆగింది. ఆవిడ దీపం వత్తి సరిచేస్తుండగా నేను ఆ కప్పులు తీసుకుని వంటింట్లోకి పరిగెత్తాను. నీళ్ళతో కడిగితే నూనె పసుపు పోదు. స్టవ్వు పక్కన కిరసనాయిలు సీసా ఉంది. మా ఇంట్లో వదలని జిడ్డుకల్లా కిరసనాయిలే మందు. గుడ్డలో పోసి రుద్ది, ఓణీ కొంగుతో తుడిచి, పొట్లంలో చుట్టి కిటికీలో పెట్టేశాను. నాన్న తల తుడుచుకుంటూ వచ్చేసరికి అంతా మామూలే.

సాయంత్రం కప్పులు బిగించేటప్పుడు, నేను దీపం పట్టుకుని పక్కన కూర్చుంటే, ఎప్పుడూ లేనిది పాఠం చెప్పాడు.

"ఇదుగో సూడు. ఈ కప్పుకి బ్రేక్ ఆయిలు తప్ప ఏటీ తగలకూడదు. కిరసనాయిలు సుక్క తగిలిందా, పొద్దుటికి నానేసిన శెనగలా ఉబ్బిపోతాది. సిలిండర్లో సూది మొనంత కన్నం ఒకటుంటాది. కాలు తీసీగానే ఆయిలు అందులోంచి ఎనక్కి పోవాల. కప్పు ఉబ్బి ఆ కన్నం మూసీసిందనుకో, తొక్కిన బలం లోపలే ఉండిపోతాది. నువ్వు కాలు తీసినా తీసినట్టు కాదు."

నేను ఆ కప్పుకేసి ఒంగితే దీపం పక్కకి వాలింది. "సరిగ్గా అట్టుకో" అన్నాడు. చెప్పడానికి అదే సమయం. నోరు తెరిచాను కూడా. ఎందుకు కడిగావంటాడు. పసుపు అనాలి. అంతే, మళ్ళీ గుమ్మంలో అంబలి గిన్నె. పైగా రేపు బండి ఆగి నా సీటు పోతే, అది అమ్మ పసుపు వల్లేనంటారు, నా చదువు కోసం అందరితో దెబ్బలాడిన మనిషే నా చదువు పాడుచేసిందంటారు. ఒక్క చుక్కే కదా, తుడిచేశాను కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆయన పెడల్ నొక్కి చూసి "రాయిలాగున్నాది" అని నవ్వాడు.

సోమవారం మధ్యాహ్నం బయల్దేరాం. ముందే బయల్దేరమని అమ్మ మొత్తుకుంటే, డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాకే నాన్న స్టీరింగ్ పట్టాడు. వెనకసీట్లో నేను, నా పక్కన ట్రంకు, పరుపు చుట్ట. వీధిలో అందరూ నిలబడ్డారు. కారు సగం గేటు దాటింది, ఆగింది. నాన్న క్లచ్ తొక్కి వదిలాడు, మళ్ళీ తొక్కి వదిలాడు. ఇంజను గర్జిస్తోంది, చక్రం కదలదు. ముందు సగం వీధిలో, వెనక సగం వాకిట్లో. రెండు గేటు స్తంభాల మధ్య వెనక తలుపులు రెండూ తెరుచుకోవు. లోపల నేను, నా వెనక వాకిట్లో కొబ్బరికాయ పట్టుకుని అమ్మ. ఇంట్లోంచి ఎవరూ బయటికి రాలేరు, బయటినుంచి ఎవరూ లోపలికి పోలేరు. ఎవరో నవ్వారు.

నాన్న దిగి బానెట్ ఎత్తి, దించి, చెమట తుడుచుకున్నాడు. "ప్లేటు కాలిపోనాది. గేరుబాక్సు దించాల. రెండ్రోజుల పని" అన్నాడు.

"నాన్నా, నేను బస్సులో ఎల్లిపోతాను" అన్నాను కిటికీలోంచి.

"బస్సు మాట ఎత్తకు. రేపోమాపో దింపుతాను. ఒక్కరోజుకి సీటేటి పారిపోతాదా?"

పారిపోతుందని ఆయనకి ఎలా చెప్పను? గడియారం రెండు దాటింది. ప్లేటు కాలలేదని నాకు తెలుసు. తెలిసి ఆ పెట్టెలో కూర్చున్నాను. ట్రంకు మోకాళ్ళకి గుచ్చుకుంటోంది, వెనక అద్దంలో అమ్మ మొహం కనిపిస్తోంది. ఆవిడ నన్ను చూడ్డం లేదు, నాన్ననీ చూడ్డం లేదు, తన చేతికేసి చూసుకుంటోంది. చెబితే మాట ఆవిడమీద పడుతుంది. చెప్పకపోతే నా సీటు పోతుంది. ఆ వయసులో నాకు అలాగే అనిపించింది, అంతకన్నా వేరే దారి ఉంటుందని తోచలేదు.

నాన్న చివరిసారి చూద్దామని కారు కిందికి దూరి "ముందుకొచ్చి తొక్కు" అన్నాడు. ట్రంకు ఎక్కి, సీటు వీపు దాటి ముందుకి పడ్డాను. తొక్కాను. "అట్టుకో" అన్నాడు. ఆయన మొహం నాకు కనపడదు, నా మొహం ఆయనకి కనపడదు. ఆ ఒక్క ధైర్యంతో నోరు పెగిలింది.

"నాన్నా, ఆ కప్పులు నేను కిరసనాయిలుతో కడిగినాను."

నా కాలు పెడల్ మీదే ఉంది. ఎంతసేపో తెలియదు. పిక్క వణకడం మొదలెట్టింది. తిడతాడనుకున్నాను. ఎందుకు కడిగావని అడుగుతాడేమోనని చచ్చిపోయాను. అడగలేదు. చాలాసేపటికి "వదులు" అని మాత్రం వినిపించింది.

ఆ రోజు చేసినంత వేగంగా ఆయన ఎప్పుడూ పని చెయ్యలేదు. ఇస్త్రీ చొక్కాతోనే సిలిండర్ విప్పాడు. ఉబ్బిన కప్పులు లాగితే రాలేదు, స్క్రూడ్రైవర్‌తో తోడి తీశాడు. బ్రేక్ ఆయిలుతో లోపలంతా కడిగి, అరిగిపోయిన పాత కప్పులే మళ్ళీ వేశాడు. తొక్కు, అట్టుకో, వదులు. పదిసార్లో, ఇరవైసార్లో. దారిలో పెడల్ దిగిపోతూనే ఉంది, ఆయన గబగబా నాలుగుసార్లు తొక్కి గేరు వేస్తూ, ఎక్కడా బండి ఆపకుండా, ఆవుల మందలకి హారన్ కొడుతూ తీసుకెళ్ళాడు. కాలేజీ ఆఫీసులో గుమాస్తా రిజిస్టరు మూసి చేతిసంచీ తగిలించుకుంటుండగా నేను మెట్లెక్కాను. నా వెనక చొక్కానిండా గ్రీజుతో మా నాన్నని చూసి ఆయన మళ్ళీ కూర్చుని రిజిస్టరు తెరిచాడు.

దసరా సెలవులకి ఇంటికి వచ్చేసరికి నాన్నకి వీధిలో కొత్త పేరు స్థిరపడిపోయింది. కిరసనాయిల మేస్త్రీ. "నానే కడిగీసినాను బావా, బుద్ధి గడ్డితిన్నాది" అని అప్పలనాయుడు మావతో ఆయనే చెప్పాడట. పదేళ్ళు ఆ పేరు మోశాడు. నేను ఆ పేరు విన్నప్పుడల్లా తల వంచుకుని లోపలికి పోయేదాన్ని. ఆ దసరాకే ఇంకోటి గమనించాను. ఆయుధపూజకి చాకుకి, కత్తిపీటకి, సైకిలుకి, తిరగలికి, అన్నిటికీ అమ్మ బొట్టు పెట్టింది. కారు దగ్గరికి రాలేదు. నాన్నే పసుపుగిన్నె తీసుకెళ్ళి వంకరటింకరగా అద్దాడు. ఆ తర్వాత ఏ ఏడూ ఆవిడ పెట్టలేదు. మా ఆయన స్కూటర్ కొన్నా, నేను ఈ కారు కొన్నా, కొబ్బరికాయ అందించి దూరంగా నిలబడేది. నాన్న అప్పటి కేకలు ఆవిడ మనసులో ఉండిపోయాయనుకున్నాను. నిమ్మకాయ దారం కోసం ఇన్నేళ్ళ పౌరుషమా అని ఒకటి రెండుసార్లు విసుక్కున్నాను కూడా.

ఈ రోజుల్లో కప్పులు మార్చరు. మొత్తం సిలిండరే మార్చెయ్యాలి. విడిభాగాల కొట్టువాడు అట్టపెట్టెలో కొత్తది ఇచ్చాడు. ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టాను. ఇప్పుడు నా దగ్గరే ఉంటున్న, ఎనభై దాటిన అమ్మ దాన్ని చూసి, దగ్గరికొచ్చి, చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. నేను బానెట్ కింద రెండు గంటలు ఒంగి, నడుం విరిగి, మోచేతులు గీరుకుని, ఎలాగో బిగించాను. ఇక గాలి తియ్యాలి. తొక్కడానికి మనిషి కావాలి.

"నాను తొక్కుతాను. కాళ్ళున్నాయి గదా ఇంకా" అంది అమ్మ.

జన్మలో మొదటిసారి డ్రైవరు సీట్లో కూర్చుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, బడిపిల్లలా నిటారుగా. సీటు ముందుకి జరిపాను. నేను ముందు బంపర్ పక్కన గచ్చుమీద పడుకుని చెయ్యి లోపలికి పెట్టాను.

"తొక్కమ్మా."

తొక్కింది.

"పట్టుకో." నిపుల్ విప్పాను, బుడగలొచ్చాయి, బిగించాను. "వదులు."

నాలుగైదుసార్లయ్యాక, మళ్ళీ "పట్టుకో" అని, నిపుల్ బిగించి, ఆ సీసా సంగతి అడిగేశాను. మొహాలు కనపడనప్పుడే మా ఇంట్లో మాటలొస్తాయి.

"అమ్మా, నాన్న పెట్టెలో ఆ కప్పులు దొరికాయి. పసుపు కూడా ఉంది."

"దాసినారేటి ఇంకా?" అంది. గొంతులో ఆశ్చర్యం లేదు. "ఆ సాయంత్రం నిన్ను దింపీసి వచ్చి, గూటి ముందర ఎట్టినారు. ఏటీ అన్నేదు. నానూ ఏటీ అన్నేదు. పసుపు సూస్తే తెలుస్తాది గదే."

"నేను కడిగానని నీకు..."

"నీ ఓణీ ఉతికింది ఎవులు? ఓ పక్క పసుపు మరక, ఓ పక్క కిరసనాయిలు కంపు. నాను సెయ్యెట్టబట్టి గదా నువ్వు కడిగినావు. నా సేతిమీదుగా నీ సదువు పోయేదే. మీ నాన్న ప్రతి దసరాకీ నువ్వే ఎట్టవే అని గిన్నె సేతికిచ్చీవోరు. నాకు సెయ్యి రానేదు."

గచ్చుమీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. మొహంమీద ఒక చుక్క ఆయిలు పడింది, తుడుచుకోలేదు. ఆవిడమీద మాట పడకూడదని నేను నోరు మూసుకున్నాను. నన్ను అడిగితే పసుపు మాట బయటికొస్తుందని ఆయన అడగలేదు. ఇద్దరం కలిసి ఆవిడని కాపాడామనుకున్నాం. ఆవిడ మాత్రం చెయ్యని తప్పుని నలభై ఏళ్ళు ఒంటరిగా మోసింది. నేను సెలవుకొచ్చిన ప్రతిసారీ, సర్టిఫికెట్టు తెచ్చి చేతిలో పెట్టిన ప్రతిసారీ, ఆవిడకి ఆ గేటు మధ్య ఇరుక్కున్న కారే గుర్తొచ్చి ఉంటుంది. ఒక్కమాట చెప్పుంటే సరిపోయేది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది, ఆ వయసులో ఉన్న నన్ను లాగి ఒక్కటి వెయ్యాలనిపించింది. ఆ ఇంట్లో ముగ్గురికీ ముగ్గురం ఎదుటివాళ్ళకి దెబ్బ తగలకూడదనే చూశాం. ఇప్పుడు మా పిల్లలు అన్నీ మొహంమీదే అనేసుకుంటారు, సాయంత్రానికి కలిసి అన్నం తినేస్తారు. మాకు ఆ విద్య ఎవరూ నేర్పలేదు.

"అమ్మా, పాడైంది పసుపు వల్ల కాదు. నువ్వు పెట్టింది పెట్టినట్టు వదిలేసి నాన్నకి చెప్పుంటే ఆయన బ్రేక్ ఆయిలుతో కడిగి బిగించుకునేవాడు. నాలుగు కేకలేసేవాడు, అంతే. పాడుచేసింది నా కిరసనాయిలు. నా భయం."

పైనుంచి అమ్మ, బాగా ఆయాసపడుతూ అంది.

"ఒలే, కాలు వణికిపోతన్నాది. ఇంక వదలమంటావా, నేదా?"

"అయ్యో, వదులమ్మా, వదులు!" అని లేచేసరికి తల బంపర్‌కి కొట్టుకుంది. తలుపు తీసి చూస్తే ఆవిడ పిక్క పట్టుకుని కూర్చుని ఉంది, కళ్ళు తడిగా ఉన్నాయి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఎడమకాలు కాసేపు ఒత్తాను. తర్వాత లోపలికి వెళ్ళి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, దేవుడి గూట్లోంచి పసుపుగిన్నె, కుందిలోంచి రెండు చుక్కల నూనె తెచ్చి ఆవిడ ముందు పట్టుకున్నాను.

అమ్మ గిన్నెకేసి చూసింది. నాకేసి చూసింది. మెల్లగా దిగి, బానెట్ అంచు పట్టుకుని ఒంగి, లోపలికి తొంగి చూసింది. ఉంగరపు వేలు పసుపులో ముంచి, గాల్లోనే ఆపింది.

"రబ్బరు ఎక్కడెక్కడున్నాదో ముందు సూపించు" అంది.